కాలింపాంగ్ కొండపై వేలాడే ముత్యాలు

హిమాలయ పాదసీమలోని పట్టణాలలో డార్జిలింగ్‌కు దక్కిన ప్రఖ్యాతి కాలింపాంగ్‌కు దక్కలేదు. డార్జిలింగ్ చూడబోయిన యాత్రికులు తిరుగు ప్రయాణంలో ఒక పూట ఇక్కడ ఆగి, దుర్పిన్ కొండపై బౌద్ధారామాన్ని దర్శించి, దేవోలో కొండ మీదనుంచి కాంచనజంగను చూసి వెళ్ళిపోవడం పరిపాటి. మొక్కలపై మక్కువ ఉన్నవారికి మాత్రం ఈ పట్టణం ఒక పూటతో తరిగేది కాదు. గ్లాడియోలస్ దుంపలు, ఆర్కిడ్లు, వాటితోపాటు కాక్టస్ జాతులు, సక్యులెంట్లు అని పిలిచే రసభరిత మొక్కలు ఇక్కడి నర్సరీలనుంచి దేశం నలుమూలలకు వెళ్తాయి.

2024 నవంబరులో ఎల్.టి.సి. సౌకర్యాన్ని వినియోగించుకొని విశాఖ తీరంనుంచి మేమిద్దరం ఈ కొండకు బయలుదేరినప్పుడు మా మనసులో ఒక ప్రశ్న ఉంది. నీటి ఎద్దడికి అలవాటుపడిన ఈ మొక్కలు, ఏటా రెండువేల మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసే కొండమీద ఎలా బతుకుతున్నాయి? అందులో సుమారు సగం వర్షమే పడే మా తీరప్రాంతంలో, మా టౌన్‌షిప్పు బాల్కనీలలో, ఇవే మొక్కలు మొదటి వానాకాలానికే ఎందుకు కుళ్ళిపోతున్నాయి? ఈ ప్రశ్నకు సమాధానం నర్సరీకి చేరకముందే, దారిలోనే సగం దొరికింది.

తీస్తా వెంట

న్యూ జల్పాయ్‌గురి స్టేషనులో దిగి సిలిగురి మీదుగా సేవోక్ చేరేవరకు దారి చదునుగానే ఉంటుంది. మహానంద అభయారణ్యంలోని సాలవృక్షాలు ఇరువైపులా నిటారుగా నిలిచి స్వాగతం పలుకుతాయి. సేవోక్ వద్ద తీస్తా నది కొండలను విడిచి మైదానంలో ప్రవేశిస్తుంది. నదిలో స్తంభం మోపకుండా పెద్ద కమానుతో దాటే కారొనేషన్ వంతెన 1941లో పూర్తయింది. దానిని దాటకుండా నది వెంటే పైకి సాగేది పదవ నంబరు జాతీయ రహదారి.

ఇంజనీరు కంటికి ఈ లోయ ఒక పాఠశాల. కాళీఝోరా వద్ద 160 మెగావాట్ల, రంబి వద్ద 132 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలు ఉన్నాయి. సేవోక్‌నుంచి రంగ్‌పోకు వేస్తున్న సుమారు 45 కిలోమీటర్ల రైలుమార్గానికి 14 సొరంగాలు తవ్వుతుండగా చూశాము. 2023 అక్టోబరు 4న సిక్కింలోని దక్షిణ ల్హోనాక్ హిమసరస్సు తెగి వచ్చిన వరద చుంగ్‌తాంగ్ ఆనకట్టను ఛిద్రం చేసి, ఈ లోయ పొడవునా మిగిల్చిన గాయాలు ఏడాది గడిచినా మానలేదు. ఇసుకమేటలలో సగం కూరుకుపోయిన ఇళ్ళు తీస్తా ఒడ్డున ఇంకా కనిపించాయి.

రహదారి పక్కన కొండచరియలను ఆపడానికి కట్టిన రాతిగోడలు మైళ్ళకొద్దీ ఉన్నాయి. ప్రతి గోడలోనూ వరుసలు తీరిన చిన్న రంధ్రాలు ఉన్నాయి. వాటి ప్రయోజనం సివిల్ ఇంజనీర్లకు విదితమే. వర్షం పడినందువల్ల గోడ కూలదు; గోడ వెనుక నీరు నిలిచినందువల్ల కూలుతుంది. రంధ్రాలు పూడుకొనిపోయిన చోట గోడ ఉబ్బి, పగిలి ఉంది. రంధ్రాలలోనుంచి నీటిచార కారుతున్న చోట గోడ చెక్కుచెదరలేదు.

మ్యూళ్ళు పోయి తీగలు వచ్చిన ఊరు

తీస్తా బజారు వద్ద నది దాటి సుమారు 16 కిలోమీటర్లు ఎక్కితే కాలింపాంగ్ వస్తుంది. ఎత్తు సుమారు 1,250 మీటర్లు. 1962 యుద్ధానికి పూర్వం జెలెప్ లా కనుమ మీదుగా టిబెట్ ఉన్ని మ్యూళ్ళపై ఈ ఊరికే దిగేది. 1900లో స్థాపించిన డాక్టర్ గ్రాహమ్స్ హోమ్స్ పాఠశాల ఇక్కడి మరొక గుర్తు. 1938లో రవీంద్రనాథ్ ఠాగూర్ తన జన్మదినాన గౌరీపూర్ భవనంనుంచి టెలిఫోను ద్వారా ఆకాశవాణిలో కవిత వినిపించారు. 2017 ఫిబ్రవరి 14న కాలింపాంగ్ ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది.

మ్యూళ్ళ బిడారులు ఆగిపోయాయి గాని, గాడిదతోకలు మిగిలాయని ఇక్కడ చమత్కరించవచ్చు. బర్రోస్ టెయిల్, అనగా గాడిదతోక, అని పేరుపడిన వేలాడే మొక్క ఇక్కడి నర్సరీలన్నిటా కనిపిస్తుంది. దాని శాస్త్రీయ నామం సెడం మోర్గానియానం, స్వస్థలం మెక్సికో. దాని పక్కనే ముత్యాలసరంలా జారే స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్, అనగా క్యూరియో రౌలియానస్. ఇది దక్షిణాఫ్రికా మొక్క. హృదయాకారపు చిన్న ఆకులతో సన్నని తీగలు వదిలే సెరొపీజియా వుడియై కూడా ఆ ఖండపు దక్షిణ భాగానిదే. వేలాడే రసభరిత తీగ మన తెలుగువారికి మాత్రం కొత్తది కాదు. మన నల్లేరు ఈ కోవకు చెందినదే. బండిచక్రం కింద సుళువుగా నలిగిపోయే మెత్తని తీగ గనుకనే ‘నల్లేరుపై బండినడక’ అన్న నానుడి పుట్టింది.

ప్లాస్టిక్ కప్పు కింద

పెద్ద నర్సరీలను చూసిన తరువాత, బజారుకు దిగువన వాలులో ఉన్న ఒక చిన్న నర్సరీకి వెళ్ళాము. అరవయ్యేళ్ళు దాటిన ఒక నేపాలీ పెద్దమనిషి, ఆయన భార్య దానిని నడుపుతున్నారు. ఆయనను ‘దాజ్యూ’ అని పిలిచాము. నేపాలీలో అది అన్నగారిని పిలిచే పిలుపు. ఆయన హిందీలో నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తూచినట్లు మాట్లాడారు.

వెదురు గుంజలపై ప్లాస్టిక్ కప్పు ఉంది. నాలుగు వైపులా గోడ అన్నది లేదు. వర్షం మొక్కపై పడదు. గాలి మాత్రం అన్ని వైపులనుంచీ వీస్తుంది. కుండీలన్నీ వేలాడుతున్నందువల్ల అడుగు రంధ్రంనుంచి నీరు నేరుగా వాలులోకి పోతుంది. కుండీలోని మిశ్రమాన్ని చేతిలోకి తీసుకొని పిడికిలి బిగించి వదిలితే ముద్దకట్టలేదు, రాలిపోయింది. సగానికి పైగా ముతక ఇసుక, చిన్న గులకరాళ్ళు. మిగిలినది మాగిన ఆకుల ఎరువు. కుండీ అడుగున మాత్రమే గులకరాళ్ళు పరచి, పైన మెత్తని మట్టి నింపితే ప్రయోజనం లేదని దాజ్యూ అన్నారు. అది శాస్త్రసమ్మతమే. సన్నని రేణువుల పొర నీటిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. తాను పూర్తిగా నానేవరకు కిందనున్న ముతక పొరలోకి జారనివ్వదు. మిశ్రమమంతా ముతకగా ఉంటేనే నీరు నిలవదు. మేము దారిలో చూసిన గోడల సూత్రమే ఇక్కడ కుండీలో పనిచేస్తున్నది.

మూడు తెలుపులు, ఒక మిత్రుడు

దాజ్యూ బల్లమీద స్పిరిట్ సీసా, దూది, పాత బ్లేడు, ఒక తెల్లకాగితం ఉన్నాయి. మందు డబ్బాలు వెనుక అరలో ఉన్నాయి. తెగులును గుర్తించకుండా మందు కొట్టడం, మోటారు ఎందుకు వేడెక్కిందో చూడకుండా ఫ్యూజు మార్చినట్లే అవుతుంది. పరీక్ష ముందు, చికిత్స తరువాత.

వేలాడే మొక్కపై తెల్లదనం కనిపిస్తే మూడు సంగతులు వేరుచేసి చూడాలి. మొదటిది సహజమైన మైనపు పూత. గాడిదతోక ఆకులపై లేతనీలం పొడి సమానంగా పరచుకొని ఉంటుంది. వేలితో తాకితే ముద్ర పడుతుంది. అది రోగం కాదు, ఎండనుంచి మొక్క తనకు తాను తొడుక్కున్న అంగీ. రెండవది బూడిద తెగులు. ఇది పిండి చల్లినట్లు మచ్చలుమచ్చలుగా మొదలై వ్యాపిస్తుంది. తుడిస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది. మూడవది పిండినల్లి. ఇది దూదిపింజల వలె ఆకు మొదట్లో, కణుపుల సందుల్లో దాగి ఉంటుంది. స్పిరిట్‌లో తడిపిన దూది తాకించగానే మైనం కరిగి, లోపలి పురుగు గోధుమరంగులో బయటపడుతుంది.

వీటితోపాటు కదులుతూ కనిపించే మరొక తెలుపు ఉంది. పిండినల్లికన్నా పెద్దదిగా, చురుకుగా, పొడవాటి మైనపు పోగులతో నడిచే పిల్లపురుగు కనిపిస్తే దానిని చంపరాదు. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల. పిండినల్లులే దాని ఆహారం. ఆస్ట్రేలియాకు చెందిన ఈ జాతిని మన దేశానికి 1898లోనే తీసుకొనివచ్చారు. మిత్రుడు కూడా శత్రువు వేషంలోనే వస్తాడు గనుక, భూతద్దం పెట్టి చూసిన తరువాతే చేయి చేసుకోవడం మేలు.

కుండీ మీదుగా చీమల బారు కనిపించిందంటే పురుగు ఉన్నట్లే అనుమానించాలి. పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగు మొక్క రసం పీల్చి తియ్యని బంకను విసర్జిస్తాయి. ఆ బంక కోసం చీమలు వచ్చి వాటికి కావలి కాస్తాయి. బంకపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. ఆ నలుపును చూసి శిలీంధ్రానికి మందు కొట్టేవారు పెక్కుమంది. పురుగు పోతే బంక పోతుంది, బంక పోతే మసి పోతుంది.

ఎర్రనల్లి కంటికి కనబడదు. ఆకులు నిగారింపు కోల్పోయి కంచురంగుకు తిరిగితే, తీగ కింద తెల్లకాగితం పట్టి మెల్లగా తట్టాలి. కాగితంపై పడిన చుక్కలు నడవసాగితే అది ఎర్రనల్లి. పొడిగాలి, దుమ్ము, వేడి దానికి ప్రియం. ఎండవైపున్న ఆకులు మాత్రమే పాలిపోయి, మచ్చ ఎండి, పెరగకుండా నిలిచిపోతే అది ఎండదెబ్బ. మందుతో పని లేదు.

దాహమా, కుళ్ళా?

మా ప్రశ్నలోని మిగిలిన సగానికి సమాధానం ఇక్కడ దొరికింది. ముత్యాల తీగ వాడి, పూసలు ముడుతలు పడ్డాయనుకుందాము. నీరు లేక వాడినా, వేరు కుళ్ళి వాడినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే. వేరు పోయిన మొక్క నీటిలో నిలబడి దాహంతో చస్తుంది. ఇంటివారు అది దాహమేనని భావించి మరింత నీరు పోస్తారు. అంతటితో దాని కథ ముగుస్తుంది.

దాజ్యూ ఈ రెంటినీ వేరుచేసే పద్ధతికి పరికరం అక్కరలేదు. ఆయన కుండీని చేతితో ఎత్తి చూస్తారు. పూసలు ముడుతలు పడి, కుండీ తేలికగా ఉంటే అది దాహం. పూసలు ముడుతలు పడి, కుండీ బరువుగా ఉంటే అది వేరుకుళ్ళు. కుళ్ళు పైకి పాకినప్పుడు పూసలు నీరుపట్టి, అద్దంలా పారదర్శకమై, తాకితే చితుకుతాయి. అనుమానం తీరకపోతే మొక్కను కుండీనుంచి మట్టిగడ్డతో సహా జార్చి చూడాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్ళిన వేరు గోధుమరంగుకు తిరిగి, లాగితే పైతొడుగు ఊడివస్తుంది. గడ్డ చుట్టూ, కుండీ లోపలి గోడకు తెల్లని మైనపు మచ్చలుంటే అది కుళ్ళు కాదు, వేర్లను ఆశించే పిండినల్లి.

కుళ్ళును కలిగించేవి కూడా ఒక్క తెగకు చెందినవి కావు. పిథియం, ఫైటాఫ్తొరా అనేవి నీటిబూజులు. నిలిచిన నీటిలో ఈదుకుంటూ వ్యాపిస్తాయి. ఫ్యుజేరియం అసలైన శిలీంధ్రం; కాండాన్ని అడ్డంగా కోస్తే నాళాల చోట ఎరుపు కలిసిన గోధుమరంగు వలయం కనిపిస్తుంది. ఈ భేదం పుస్తక పాండిత్యం కాదు. దుకాణాల్లో విరివిగా దొరికే కార్బెండజిమ్ శిలీంధ్రాలపై పనిచేస్తుంది గాని నీటిబూజులపై పనిచేయదు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సిక్లోరైడ్ కలిపి పోస్తే రెండు తెగల వ్యాప్తినీ కొంతమేరకు అరికట్టవచ్చు. పూర్తిగా కుళ్ళిన వేరును మాత్రం ఏ మందూ తిరిగి బతికించలేదు.

చికిత్స

కుళ్ళు సోకిన మొక్కకు బ్లేడే మొదటి ఔషధం. బ్లేడును స్పిరిట్‌తో తుడిచి, తీగను గట్టి భాగం వచ్చేవరకు పైకి కోసుకుంటూ పోవాలి. కోతలో మచ్చ లేకుండా శుభ్రంగా కనిపించినప్పుడు ఆగాలి. ఆ తీగలను రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడి మిశ్రమంపై పడుకోబెట్టి, కణుపులు మిశ్రమాన్ని తాకేట్లు చూడాలి. సహజస్థలంలో ముత్యాల తీగ నేలపై పాకుతూ కణుపుకణుపునా వేరు పోసుకుంటుంది. వేలాడటం మనం నేర్పిన విద్య. పాత మిశ్రమాన్ని పారవేయాలి. కొత్త కుండీలో మిశ్రమాన్ని అంచుదాకా నింపాలి. అంచుకు దిగువన గుంటలా ఉంటే తీగల మొదళ్ళకు గాలి తగలక అక్కడే కుళ్ళు మొదలవుతుంది.

పిండినల్లి సోకిన కుండీని ముందుగా మిగిలినవాటినుంచి దూరంగా పెట్టాలి. డెబ్బై శాతం స్పిరిట్‌ను దూదితో పురుగులపై అద్దాలి. ముందు నాలుగు ఆకులపై అద్ది ఒక రోజు వేచి చూడటం మంచిది. గాడిదతోకపై స్పిరిట్ తగిలిన చోట మైనపు పూత పోతుంది గనుక దానికి సన్నని కుంచె వాడుతున్నారు. తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒకటి రెండు మిల్లీలీటర్ల ద్రవపు సబ్బు కలిపి, ఎండ తగ్గిన తరువాత పిచికారీ చేయాలి. దూదిసంచిలోని గుడ్లకు మందు తగలదు. పొదిగి బయటకు వచ్చిన పిల్లలను పట్టుకోవడానికే వారానికొకసారి చొప్పున మూడుసార్లు చేయాలి. ఒక్కసారి చేసి ఆపడం, చేయకపోవడం దాదాపు సమానం. వేలాడదీసిన కొక్కేనికి కొంచెం వాజిలిన్ పూస్తే చీమల రాకపోకలు ఆగుతాయి. వేర్ల పిండినల్లికి మట్టినంతా కడిగివేసి, వేర్లను ఆరబెట్టి, కొత్త మిశ్రమంలో నాటాలి.

ఎర్రనల్లికి పొద్దుటిపూట ఆకులపై నీరు చిమ్మి, నీడలో గాలికి ఆరనిస్తే చాలావరకు తగ్గుతుంది. ఏ మందు వాడినా చేతికి తొడుగులు ధరించి, పిల్లలకు అందనిచోట డబ్బాను భద్రపరచడం మన కర్మాగారంలో ఎంత అవసరమో ఇంట్లోనూ అంతే అవసరం.

కొండ దిగే మొక్క

ఇంత నేర్పు ఉన్న దాజ్యూకు సైతం 2024 వర్షాకాలం కష్టంగానే గడిచింది. కొండచరియలు పడి జాతీయ రహదారి పలుమార్లు మూతబడింది. ఆయన మైదానానికి పంపిన పెట్టెలు మూడింటిలో ముత్యాల తీగలే ఉన్నాయి. మూడు రోజుల్లో చేరవలసినవి తొమ్మిది రోజులకు చేరాయి. పెట్టె తెరిచేసరికి పూసలన్నీ జావగా మారాయి. కొన్నవారు సొమ్ము ఇవ్వలేదు. ఆ నెలలో కొడుకు కాలేజీ రుసుముకు అప్పు చేయవలసి వచ్చిందని ఆయన భార్య చెప్పారు, ఆయన చెప్పలేదు. ఆనాటినుంచి పెట్టెలో పెట్టడానికి పదిరోజుల ముందే నీరు ఆపివేస్తున్నారు. ప్లాస్టిక్ మాని పాత వార్తాపత్రికలో చుడుతున్నారు. పెట్టెకు రంధ్రాలు చేస్తున్నారు. గోడకైనా, కుండీకైనా, పెట్టెకైనా సూత్రం ఒకటే.

పురుగుతో సహా ఒక్క మొక్క కూడా తన నర్సరీ గడప దాటరాదన్నది ఆయన నియమం. ఆ నియమం వెనుక పెద్ద సంగతే ఉంది. 2008లో మన దేశంలో తొలిసారి కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి, కొద్దికాలంలోనే బొప్పాయి, మల్బరీ, కర్రపెండలం తోటలను పలు రాష్ట్రాలలో నష్టపరచింది. 2010లో విదేశంనుంచి దాని సహజ శత్రువైన చిన్న కందిరీగను తెప్పించి వదిలిన తరువాతే అది అదుపులోకి వచ్చింది. ఇటువంటి పురుగులు తమంతట తాము ఎంతో దూరం పోలేవు. మొక్కలతోపాటు మనుషులే వాటిని మోసుకొనిపోతారు.

తీరానికి తగిన జాగ్రత్తలు

కాలింపాంగ్‌లో వానాకాలపు రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. రసభరిత మొక్కలలో చాలావాటికి పగలు రంధ్రాలు మూసుకొని, చల్లని రాత్రివేళ తెరిచి గాలి పీల్చే అలవాటు ఉంది. మా తీరంలో రాత్రి కూడా ఉక్కపోతే. మొక్క మందగించి నీరు తాగదు, పోసిన నీరు మట్టిలోనే నిలుస్తుంది. మా బాల్కనీలలో మొక్కలు కుళ్ళడానికి కారణం ఇదే. కొండమీద కన్నా తక్కువ వర్షం పడినా, నీరు నిలిచే కాలం ఇక్కడే ఎక్కువ.

కనుక తీరప్రాంతపు టౌన్‌షిప్పులలో ఉండేవారు తూర్పు బాల్కనీలో, స్లాబు నీడన, గాలి ఆడేచోట వీటిని వేలాడదీయాలి. మట్టికుండీ శ్రేష్ఠం. జూన్‌నుంచి అక్టోబరు వరకు కుండీ ఎత్తి, తేలికైన తరువాతే నీరు పోయాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కుండీలను దింపి లోపల పెట్టాలి. వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి అడుగు రంధ్రంలో పుల్ల గుచ్చి అది పూడిపోలేదని చూసుకోవాలి. కర్మాగారంలో మనం చేసే నివారణ నిర్వహణకు ఇది చిన్న నమూనా.

కాలింపాంగ్ వెళ్ళే మన ఉద్యోగ కుటుంబాలు తప్పక ఒక వేలాడే మొక్కను తెచ్చుకోవాలని మా సూచన. కొనేముందు కణుపుల సందులు చూడండి, కుండీని ఎత్తి చూడండి, వీలైతే వేరు చూపమని అడగండి. మంచి నర్సరీవారు సంతోషంగా చూపుతారు. ఇంటికి తెచ్చిన తరువాత ఒక నెలరోజులు మిగిలిన మొక్కలకు దూరంగా ఉంచండి. ఆ నెల గడిచాక పురుగు లేదని తేలితే, ఒక తీగ కోసి పొరుగువారికి ఇవ్వండి.